గీజరు మెకానిక్కు ఇంటి గీజరు

మా ఆయన నోట్లో మిగిలిన మాట ఒకే ఒక్కటి: "రేపు."

పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు సగం పోయింది, మాట పోయింది. తిట్లు పోయాయి, నా పేరు పోయింది, చివరికి 'అమ్మా' అనే మాట కూడా పోయింది. అన్నీ పోయి ఇదొక్కటే మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా రేపే, కిటికీ వెయ్యమన్నా రేపే, కడుపులో నొప్పన్నా రేపే. పలక ఇచ్చి ఎడమ చేత్తో రాయమంటే గీతలు గీశాడు, ఆ గీతలు చూసుకుని పలక విసిరికొట్టాడు. "కొందరికి అలా ఒక్క మాట పట్టుకుని ఉండిపోతుందమ్మా. లోపల అంతా అర్థమవుతూనే ఉంటుంది, బయటికి మాత్రం అదే వస్తుంది" అన్నాడు డాక్టరు. నాకు ఆసుపత్రిలోనే నవ్వొచ్చింది. ఆ డాక్టరు నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఆయనకేం తెలుసు? మా ఆయన ఇరవై ఆరేళ్లు ఈ ఊళ్లో గీజర్లు బాగుచేశాడు. చేతిలో పని బంగారం, నోట్లో మాట నీటిమీద రాత. ఎవరు పిలిచినా "రేపొస్తా" అనేవాడు. ఊళ్లో సగం మంది చన్నీళ్లు పోసుకుంటూ ఆయన్ని తిట్టుకున్నవాళ్లే. ఆ తిట్లన్నీ దేవుడు విని విని, "సరేలే నాయనా, నీకంత ఇష్టమైతే అదొక్కటే ఉంచుకో" అని మిగతావన్నీ పట్టుకుపోయి ఉంటాడని నా అనుమానం.

అన్నిటికీ నా మీద ఆధారపడ్డ ఆ మనిషి ఒక్క పని మాత్రం సొంతంగా చేసుకునేవాడు. స్నానం. పొద్దున్నే నేను భుజం పట్టి బాత్‌రూముదాకా నడిపించి, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పి, తువ్వాలు ఎడమవైపు మేకుకి తగిలించి, సబ్బు పాత మేజోడులో వేసి పంపుకి కట్టేదాన్ని. అంతే. ఆ తరవాత ఎడమ చెయ్యి ఇలా ఊపేవాడు, ఇక పో అన్నట్టు. నేను తలుపు దగ్గరకేసి బయట కూర్చునేదాన్ని. నాది గుండీలు కుట్టే పని. దుస్తుల కొట్టువాళ్లు సంచులకొద్దీ చొక్కాలు పంపుతారు, ఇంట్లో కూర్చుని కుట్టి పంపుతాను. లోపల ఆయన గీజరు పంపు తిప్పుకునేవాడు, బకెట్టు నింపుకునేవాడు, మగ్గుతో పోసుకునేవాడు. ముప్పావుగంట. అయిపోయాక మగ్గుతో బకెట్టు మీద రెండుసార్లు కొట్టేవాడు. ఆ ముప్పావుగంట ఆయన ఎవరి రోగీ కాదు. ఇద్దరం ఆ ముప్పావుగంట కోసమే తెల్లారగట్ల లేచేవాళ్లం.

సోమవారం పొద్దున మగ్గు చప్పుడుకి బదులు అరుపు వినిపించింది. "రేపు! రేపు! రేపు!"

పరిగెత్తి చూస్తే ఒళ్లంతా వణుకుతూ కూర్చున్నాడు. పంపు కింద చెయ్యి పెట్టాను. నీళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. స్విచ్చి వేసే ఉంది, స్విచ్చి మీది ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. వేడి మాత్రం లేదు.

"బక్కోడికి కబురు పెడతానయ్యా" అన్నాను తువ్వాలు కప్పుతూ.

ఆయన తల అడ్డంగా ఊపాడు, మెడ విరిగిపోతుందేమో అన్నంతగా.

బక్కోడు నా మరిది. మా ఆయనకి బాబాయి కొడుకు. నలభై దాటి, పొట్ట వచ్చి, ఇప్పుడు బక్కోడని పిలిస్తే దారిన పోయేవాళ్లు నవ్వుతారు, అయినా మా ఇంట్లో ఆ పేరు మారలేదు. ఇరవై ఏళ్లు మా ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన పక్కనే పనిచేశాడు. వాడు చేరిన కొత్తలో ఒకరింట్లో స్విచ్చిని తప్పు వైరు మీద పెట్టాడట. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. కరెంటు ఒక వైరు మీద వస్తుంది, అది ఫేజు. ఇంకో వైరు మీద తిరిగి వెళ్తుంది, అది న్యూట్రలు. స్విచ్చి వచ్చేదాన్ని ఆపాలి. తిరిగి వెళ్లేదాన్ని ఆపితే లైటు ఆరిపోతుంది, మిషను ఆగిపోతుంది, ఇంటివాళ్లు హమ్మయ్య అనుకుంటారు, కరెంటు మాత్రం లోపలే పొంచి కూర్చుంటుంది. మా ఆయన అది చూసి, ఆ ఇంటివాళ్ల ముందే వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. "కూలీ చేసుకు బతుకు కానీ ఇలాంటి పని చెయ్యకురా, మనుషులు పోతారు" అన్నాడట. చెప్పిన ప్రతిసారీ బక్కోడు చెంప తడుముకుంటూ నవ్వేవాడు. నేను ఆ ఫేజులూ న్యూట్రళ్లూ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేదాన్ని.

ఈయన పడిపోయాక బక్కోడు మూడుసార్లు చూడటానికి వచ్చాడు. మూడుసార్లూ ఈయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగోసారి వాడు గుమ్మంలోనే నిలబడి, పళ్ల సంచి నా చేతికిచ్చి, "అన్నకి నేను రావడం ఇష్టం లేదొదినా" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నేనూ పిలవలేదు. ఒకప్పుడు తన వెనక సంచి మోసినవాడు ఇప్పుడు తన్ను మోసి కూర్చోబెడుతుంటే ఏ మగాడు ఒప్పుకుంటాడు అనుకున్నాను.

"పోనీ ఇంకో మెకానిక్కు?" అంటే దానికీ అడ్డంగానే తలూపాడు. నిజమే, ఈ ఊళ్లో ఆ పని చేసేవాళ్లు ఉంటే ఈయన శిష్యులు, లేకపోతే ఈయన శత్రువులు.

సరే, పొయ్యి మీద నీళ్లు కాచాను. రెండు గిన్నెల నీళ్లు మోసుకొచ్చి, బకెట్టులో కలిపి, నేనే పోశాను. తొందర్లో ఉన్నాను, చొక్కాల సంచి సాయంత్రానికి ఇవ్వాలి. గిన్నెలు తోమినట్టు తోమేశాను. ఆయన గోడవైపు తిరిగి, ఎడమ చేత్తో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నన్ను చూడకపోతే నేను అక్కడ లేనట్టే అనుకున్నాడేమో. అయిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

మంగళవారం స్నానానికి లేవమంటే మంచం పట్టె పట్టుకుని వదల్లేదు. బుధవారం కూడా అంతే. ఎడమ చెయ్యి ఒక్కటే అయినా ఇరవై ఆరేళ్లు రెంచీ పట్టిన చెయ్యి, నేనెంత లాగినా ఊడలేదు. పొద్దుటి టీ తాగలేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని పళ్లెం జరిపేశాడు. ఇవాళ స్నానం మానేసినవాడు రేపు తిండి మానేస్తాడు, ఎల్లుండి లేవడం మానేస్తాడు. పెద్ద పెద్ద మందులు చెయ్యలేని పని ఆ పంపు చేస్తోంది ఇన్నాళ్లూ. ఆ పంపులో వేడినీళ్లు రాకపోతే ఈ మనిషి నాకు దక్కడు. ఇది నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

గురువారం పొద్దున పనిముట్ల సంచి అటక మీంచి దించాను.

"నేనే బాగుచేస్తాను" అన్నాను.

ఆయన కళ్లు ఇంతింత చేసి చూశాడు. ఆ చూపు నాకు ఒళ్లు మండించింది. "ఏం? చెయ్యలేననా? ఇరవై ఆరేళ్లు నీ పక్కన పడుకున్నాను. గుండీ కుట్టే చెయ్యి స్క్రూ తిప్పలేదా? నువ్వు కూర్చుని చూపించు, నేను చేస్తాను. ఇవాళ తాడో పేడో తేలిపోవాలి."

కుర్చీ లాక్కొచ్చి బాత్‌రూము గుమ్మంలో వేసి, ఆయన్ని కూర్చోబెట్టి, చేతికర్ర పక్కన ఆనించాను. స్నానం స్టూలు గీజరు కిందకి జరిపాను. పక్కనున్న స్విచ్చి టక్కున ఆపాను. ఎర్రలైటు ఆరింది.

"చూశావా, ముందు స్విచ్చి ఆపాను. అంత తెలివితక్కువదాన్నేం కాదు."

"రేపు" అన్నాడు.

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు."

"రేపు! రేపు!" గడ్డం ఎత్తి వీధి గుమ్మం వైపు చూపిస్తున్నాడు. ఎవరైనా వచ్చారేమో అని వెళ్లి తలుపు తీశాను. వీధిలో పిల్లి కూడా లేదు. తిరిగొచ్చి స్టూలెక్కబోతే మళ్లీ గడ్డం అటే. గాలి ఆడటం లేదేమో అని వెళ్లి తలుపు బార్లా తీసి వచ్చాను. మళ్లీ అదే. "ఏమయ్యా, వీధిలో కూర్చుని పోయేవాళ్లని చూడాలా ఇప్పుడు? పని కానీ, తీసుకెళ్తాను" అన్నాను. ఆయన చేత్తో నుదురు కొట్టుకున్నాడు.

సంచి ఆయన ఒళ్లో పెట్టి, ఏది కావాలో తియ్యమన్నాను. వెతికి వెతికి టెస్టరు తీసి నా చేతికిచ్చాడు. అది చూడటానికి చిన్న స్క్రూడ్రైవరులా ఉంటుంది, పిడి అద్దంలా ఉంటుంది, లోపల బియ్యపుగింజంత బల్బు. ఆయన జేబులో ఎప్పుడూ అదే ఉండేది. దాంతోనే స్క్రూలు తిప్పేవాడు, దాంతోనే డబ్బా మూతలు లేపేవాడు, దాంతోనే వీపు గోక్కునేవాడు. నాకు మాత్రం అది చిన్న స్క్రూడ్రైవరు, అంతకుమించి ఏమీ కాదు. బాగుంది, అడుగున స్క్రూలు చిన్నవే కదా అని దాంతోనే తిప్పడం మొదలుపెట్టాను. వెనకనుంచి ఆయన చేతికర్రతో నేలమీద దబదబా కొడుతున్నాడు. నన్ను ఉత్సాహపరుస్తున్నాడు అనుకున్నాను. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నా పని.

మూడు స్క్రూలు. మూడోది తుప్పు పట్టి పావుగంట ఏడిపించింది. మెడ పట్టేసింది, చెమట కళ్లలోకి కారింది. ఊడొచ్చాక అడుగు మూత చేతిలోకి వచ్చింది, దాంతోపాటు గుప్పెడు దుమ్ము, ఒక ఎండిపోయిన సాలెపురుగు నా నోటిమీద పడ్డాయి.

"థూ! ఊళ్లో అందరి గీజర్లూ అద్దంలా తుడిచి ఇచ్చేవాడివి, ఇంట్లోది ఏడాదికోసారైనా తెరిచావా?"

ఆయన నా చేతినే చూస్తున్నాడు. ఇంత భయం ఆయన మొహంలో పక్షవాతం వచ్చిన రోజు కూడా చూడలేదు.

లోపల పెద్దగా ఏమీ లేదు. రెండు వైర్లు పైనుంచి వచ్చి రెండు స్క్రూల కింద దూరాయి. రెండూ ఎర్రవే. మధ్యలో గుండ్రటి నల్ల బిళ్ల, దాని మధ్యలో చిన్న ఎర్ర బటను. ఎక్కడ మొదలుపెట్టాలో నాకేం తెలుస్తుంది? చీకట్లో సూది పడితే నేల తడమగలను, ఇక్కడ ఏది తడమాలి? అప్పుడు ఆయన మాట ఒకటి గుర్తొచ్చింది. పదింట తొమ్మిది గీజర్లకి రోగం ఉండదు, వైరు వదులైపోయి ఉంటుంది, బిగిస్తే సరి అనేవాడు. ఎడమవైపు వైరు కాస్త వదులుగా కనిపించింది. లాగి చూద్దామని, పట్టుకోసం ఎడమ చేత్తో స్టీలు నీళ్ల పైపు గట్టిగా పట్టుకున్నాను. కుడి చెయ్యి పైకెత్తాను.

"రేపు! రేపు రేపు రేపు!"

చెవిలో జోరీగలాగ ఆ మాట. ఏడు నెలల కోపం ఒక్కసారి బయటికొచ్చింది.

"నోరు ముయ్యి! నీ వల్ల ఏమీ కాదు, చేసేవాళ్లని చెయ్యనివ్వవు! కాసేపు నోరు మూసుకుని కూర్చో!"

అని తిరిగి వైరు మీద చెయ్యి వెయ్యబోయాను. వేలికీ స్క్రూకీ మధ్య జానెడు కూడా లేదు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు వినపడింది. మరుక్షణం నా మోచెయ్యి మీద కర్ర ఫెళ్లున తగిలింది. నేను కెవ్వుమని, పైపు వదిలేసి, స్టూలు మీంచి జారి గోడకి గుద్దుకున్నాను. టెస్టరు ఎక్కడో పడింది. వెంటనే ఇంకో చప్పుడు. ఆయన నేలమీద బోర్లా పడ్డాడు. కర్రతో కొట్టిన ఎడమ చేతిమీదే పడ్డాడు.

నా చెయ్యి మంటెత్తిపోతోంది. అంత నొప్పిలో మనిషికి ఏది ముందు వస్తుందో అదే వచ్చింది నా నోట్లోంచి.

"నన్ను కొడతావా? నీకోసం చస్తుంటే నన్ను కొడతావా? ఆ రోజే పోయుంటే ఇద్దరికీ సుఖంగా ఉండేది!"

అనేశాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఎప్పుడూ అనని మాట. ఆయన నావైపు చూడలేదు. మొహం నేలకి ఆనించి, కళ్లతో నా కాలి దగ్గరున్న టెస్టరుని చూపించాడు. నన్ను చూస్తాడు, దాన్ని చూస్తాడు. నోరు తెరవలేదు, ఒక్క 'రేపు' కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. వీపు గోక్కోవడం కాక ఆయన దాంతో ఇంకో పని చేసేవాడు. పిడి నెత్తిన వేలు పెట్టి, కొస వైరుకి తాకించి, బల్బు వెలుగుతుందో లేదో చూసేవాడు. చూడనిదే ఎక్కడా వేలు పెట్టేవాడు కాదు. నేను స్టూలెక్కి, ఆయనలాగే పిడి నెత్తిన వేలు పెట్టి, నేను లాగబోయిన ఆ వైరుకి కొస తాకించాను.

బియ్యపుగింజంత బల్బు వెలిగింది.

స్విచ్చి చూశాను. ఆపే ఉంది. ఎర్రలైటు ఆరే ఉంది. మళ్లీ తాకించాను. మళ్లీ వెలిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తొమ్మిదేళ్ల కిందట ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, ఈయనే ఎవరింట్లోనో పనిచేసి మిగిలిన ఎర్రవైరు ముక్కలు తెచ్చి, పదినిమిషాల్లో ఈ గీజరు తగిలించాడు. బయట ఎవరో స్కూటరు మీద ఎదురుచూస్తున్నారు. టెస్టరు ఒకసారి తాకించి చూసి, నాలుక చప్పరించాడు. "ఏమైంది?" అన్నాను. "ఏం లేదులే, రేపు మారుస్తా" అన్నాడు. రెండూ ఒకే రంగు, ఏది ఏదో చూసుకోకుండా తగిలించేశాడు. బక్కోడి చెంప పగలగొట్టిన ఆ తప్పే, మా ఇంట్లో, తొమ్మిదేళ్లుగా. దీపం కిందే చీకటి అంటే ఇదే కాబోలు. ఆ సంగతి తెలిసిన నోరు ఈ లోకంలో ఒక్కటే, ఆ నోట్లో మాట లేదు.

దిగి ఆయన పక్కన కూర్చున్నాను. లేపబోతే ఎడమ మణికట్టు పట్టుకోనివ్వలేదు. చూస్తుండగానే అది బన్నులా ఉబ్బింది. చంకల కింద చేతులేసి లాగాను, తడినేల మీద నా కాళ్లే జారాయి. మళ్లీ లాగాను. లేవలేదు. ఇద్దరం ఆ నాలుగడుగుల గదిలో అలా పడి ఉన్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నాకు ఆకులు కూడా దొరకలేదు. ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను. సిగ్గేం పడలేదు.

ఆ తరవాత బక్కోడికి ఫోను చేశాను. ఈయన తలూపాడో లేదో చూడలేదు.

పది నిమిషాల్లో వచ్చాడు. నేను చెప్పింది సగం విని, లోపలికి రాకముందే, వీధి గుమ్మం పైనున్న మెయిన్ బోర్డు తెరిచి ఇంటి మొత్తానికి కరెంటు ఆపేశాడు. ఫ్యాను ఆగింది. ఆయన గడ్డం ఇందాకటినుంచి ఎటు చూపించిందో అప్పుడు తెలిసింది నాకు.

"అన్నా" అంటూ వచ్చి, పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈసారి గోడవైపు తిరగడానికి కూడా ఆయనకి వీల్లేదు. కళ్లు మూసుకున్నాడు. బక్కోడు స్టూలు మీద ఒక కాలు పెట్టి గీజరు లోపలికి తొంగిచూశాడు. స్విచ్చి బిళ్ల విప్పి వెనక వైర్లు చూశాడు. రెండూ ఎర్రవి. చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. మా ఆయన ఇన్నాళ్లూ గోడవైపు తిరిగింది పడిపోయిన చెయ్యి వీడు చూస్తాడని మాత్రమే అనుకున్నాను. ఈ నాలుగు రోజులూ ఎందుకు అంత గట్టిగా వద్దన్నాడో ఇప్పుడు అర్థమైంది. నవ్వితే నవ్వుతాడు, వాడికి ఆ హక్కుంది, అనుకుని నేను గుండె రాయి చేసుకున్నాను.

బక్కోడు నవ్వలేదు.

"వదినా, ఇది నేను చేసిన పనే" అన్నాడు. "ఆ రోజు అన్న వేరే ఇంటికి పోతూ నన్ను పంపాడు, గుర్తుందా? నేనే తిరగేసి తగిలించాను. అన్నకి చెప్పలేదు, తిడతాడని."

నాకు బాగా గుర్తుంది. ఆ రోజు బక్కోడు ఊళ్లోనే లేడు. నేను ఊరుకున్నాను.

వాడు వచ్చి ఈయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నాదే అన్నా. ఆ చెంప అప్పుడు వాయించావు, ఈ చెంప ఇంకా ఖాళీగానే ఉంది. వాయించు." మొహం ముందుకి పెట్టాడు.

ఆయన కళ్లు తెరిచాడు. ఏడు నెలల తరవాత తమ్ముడి మొహం సూటిగా చూడటం అదే. ఎడమ చెయ్యి ఎత్తబోయాడు. అది లేవలేదు. నొప్పికి మూలిగి, తల ముందుకి వంచి, నుదురు వాడి భుజం మీద ఆనించాడు. బక్కోడు కదలకుండా అలాగే కూర్చున్నాడు. ఇద్దరూ ఏడుస్తున్నారని నాకు తెలుసు, నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు అటూ ఇటూ జరిపాను.

ఆసుపత్రికి బయల్దేరేముందు వాడు వైర్లు సరిచేశాడు. పది నిమిషాలు పట్టింది, తొమ్మిదేళ్లు ఆగిన పని. తరవాత ఆ నల్లబిళ్ల మధ్యనున్న ఎర్ర బటనుని బొటనవేలితో నొక్కాడు. టక్ మంది.

"అంతే వదినా. నీళ్లు మరీ కాగిపోతే ఇది దానంతటదే బయటికొచ్చి కరెంటు ఆపుతుంది. నొక్కితే చాలు. ఇంకేం పాడవలేదు."

"అంతేనా?"

"అంతే."

దానికోసమా ఇదంతా అనుకున్నాను. బక్కోడు ఆటో తేవడానికి వెళ్లాడు.

మణికట్టు ఎముక రెండుచోట్ల విరిగింది. వేళ్ల దగ్గర్నుంచి మోచెయ్యిదాకా కట్టు వేశారు. ఆరు వారాలు తియ్యకూడదన్నారు. వయసు మీద పడింది కాబట్టి తీశాక కూడా మునుపటంత పట్టు రాకపోవచ్చన్నారు. అదే డాక్టరు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే స్విచ్చి వేశాను. కాసేపటికి పంపు తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు. ఆయన్ని నడిపించుకొచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి, కట్టుకి ప్లాస్టిక్ సంచి చుట్టాను. చొక్కా విప్పాను, తువ్వాలు ఎడమవైపు మేకుకి తగిలించాను, సబ్బు మేజోడులో వేసి పంపుకి కట్టాను. అలవాటు చొప్పున బయటికొచ్చి తలుపు దగ్గరకేసి, చొక్కా ఒళ్లో పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించాను. మగ్గు చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను.

చప్పుడు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. అప్పుడు తెలివొచ్చింది నాకు.

తలుపు తీసి లోపలికి వెళ్లాను. ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు, ఎదురుగా పంపు, ఒళ్లో సంచి చుట్టిన చెయ్యి. నన్ను పిలవలేదు. ఎంతసేపైనా అలా కూర్చునేవాడే. నేను పంపు తిప్పాను, చన్నీళ్లు కలిపాను, మగ్గు ముంచాను. ఆయన తలెత్తి గీజరు పక్క స్విచ్చి వైపు చూశాడు.

"ఆపానయ్యా. ఈసారి నిజంగానే ఆగింది, బక్కోడు టెస్టరు పెట్టి చూపించి వెళ్లాడు."

మొదటి మగ్గు భుజం మీద పోశాను. గోడవైపు తిరగలేదు. కళ్లు మూసుకోలేదు, మూసుకోవడానికి చెయ్యీ లేదు. నన్నే చూస్తున్నాడు. నా మోచెయ్యి మీద కర్ర తగిలినచోట నల్లగా కమిలింది, దాన్నీ చూస్తున్నాడు.

"నిన్న ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను. "నువ్వు పోయుంటే అన్నాను కదా. అలా ఎందుకన్నానో నాకే తెలీదు. నువ్వు లేకపోతే నేనేం చేస్తాను, చెప్పు? నన్ను క్షమించావా?"

ఆయన పెదవులు కదిలాయి. ఆ ఒక్కటి కాక ఇంకో మాట ఏదైనా పైకి తెచ్చుకోవాలని ఎంత కష్టపడ్డాడో. మెడనరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు నిండాయి.

"రేపు" అన్నాడు.

"సరే" అన్నాను. ఏం చెప్పాడో నాకు తెలియదు. నీళ్లు చల్లారిపోతున్నాయని ఇంకో మగ్గు పోశాను.